పక్క గదిలో ప్రిసెప్టర్

అమెరికాలో రోగులను పరీక్షించి మందులు రాసే అర్హత గల నర్సుల వృత్తికి, అంటే నర్స్ ప్రాక్టీషనర్ వృత్తికి, 1965లోనే కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ పునాది వేసినప్పటికీ, పట్టా పుచ్చుకున్న కొత్తవారికి ప్రాథమిక వైద్యంలో ఏడాది పాటు శిక్షణ ఇచ్చే తొలి కార్యక్రమం 2007లో గాని కనెటికట్‌లోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో మొదలుకాలేదు. లైసెన్సు అందిన కొద్ది రోజులకే నిండు క్లినిక్ నెత్తిన పడితే ఎలా ఉంటుందో తెలిసినవారికి ఈ జాప్యం వింతగా తోస్తుంది.

నేను చేసిన ఫెలోషిప్ కూడా అలాంటి ఏడాది శిక్షణే. అందులో అన్నిటికన్నా విలువైనది ప్రిసెప్టర్, అంటే మాకు దగ్గరుండి నేర్పే అనుభవజ్ఞురాలు, మాకోసం కేటాయించే సమయం. ఆ పూట ఆవిడ తన రోగులను చూడరు. మా సందేహాల కోసమే పక్క గదిలో కూర్చుంటారు. ఒకనాడు ఒక పెద్దాయన సంచిలోంచి పదకొండు మందు సీసాలు తీసి బల్ల మీద పేర్చారు. రక్తపోటుకు ఇచ్చిన ఒకే మందు రెండు పేర్లతో రెండు సీసాలలో ఉన్న సంగతి నాకు తట్టలేదు. ఆవిడ లేబుళ్లను నా చేత ఒక్కొక్కటిగా చదివించి, నేనే కనిపెట్టేదాకా ఓపిక పట్టారు.

మానసిక ఆరోగ్యం, చర్మవ్యాధుల వంటి విభాగాలలోనూ కొన్ని వారాలు పనిచేశాను. జీతం మాత్రం నేరుగా ఉద్యోగంలో చేరిన నా సహాధ్యాయులకన్నా తక్కువే. చదువు అప్పు తీర్చవలసినవారికి అది చిన్న విషయమేమీ కాదు.

ఏడాది చివరికి నేను పక్క గది తలుపు తట్టడం పూటకు ఒకసారికి తగ్గింది.