అమ్మ మెంతుల మూట

2011 మే నెలలో అమ్మ తెనాలి నుంచి హాంబుర్గ్‌లో మా ఇంటికొచ్చింది. సూట్‌కేసులో సగం ఆవకాయ, ఒక మూల కిలో మెంతులు. షుగరు మనిషి, రోజూ పొద్దున్నే పిడికెడు మెంతి మొలకలు నమలాల్సిందే. వచ్చిన మర్నాడే తడిగుడ్డలో మూట కట్టి వంటింటి కిటికీ గట్టు మీద పెట్టేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊళ్ళో రక్త విరేచనాలు మొదలయ్యాయి. ఇక్కడివాళ్ళు దాన్ని ‘ఎహెక్’ అంటారు, పేగుల్లో ఉండే ఈ-కోలై అనే క్రిమిలో ఒక రాకాసి రకం. ముదిరితే కిడ్నీలు దెబ్బతింటాయి, దాని పేరు హెచ్‌యూఎస్. మామూలుగా చిన్నపిల్లలకొచ్చే జబ్బు. ఈసారి ఎక్కువగా పెద్దవాళ్ళకి, అందులోనూ ఆడవాళ్ళకి వచ్చింది. మే 19న హాంబుర్గ్ నుంచి కబురందితే, 20న బెర్లిన్‌లోని రాబర్ట్ కోఖ్ సంస్థ (దేశంలో అంటువ్యాధుల సంగతి చూసే కేంద్ర సంస్థ) వాళ్ళు వచ్చి దిగారు.

25న చెప్పారు: ఉత్తర జర్మనీలో టమాటాలు, కీరాలు, సలాడ్ ఆకులు పచ్చివి తినొద్దని. మర్నాడు హాంబుర్గ్ ఆరోగ్య మంత్రి స్పెయిన్ కీరాల పేరు బయటపెట్టారు. మా వీధి చివరి దుకాణంలో కీరాల పెట్టె నిండుగా అలాగే ఉండిపోయింది. అమ్మ మాత్రం “పచ్చికూరలు గడ్డిలా మేస్తే రోగాలు రాక ఏమొస్తాయే” అని దీర్ఘం తీసి, తన మొలకలు తను నమిలింది. నెలాఖరుకి తేలిందేమిటంటే, ఆ కీరాల మీద ఎహెక్ ఉన్నమాట నిజమే గానీ, జనాన్ని పడగొడుతున్న రకం అది కాదు. అప్పటికే స్పెయిన్ రైతుల పంట చెత్తపాలైంది.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, రోగుల్ని “ఏం తిన్నారు?” అని అడిగితే వాళ్ళకి గుర్తున్నదే చెప్తారు. సలాడ్ గుర్తుంటుంది. దానిమీద చల్లిన నాలుగు మొలకలు ఎవరికి గుర్తుంటాయి? ఒక అధ్యయనంలో రోగుల్లో నాలుగోవంతు మందే మొలకల సంగతి చెప్పారట. నాకు భలే నచ్చింది ఆ తర్వాత రాబర్ట్ కోఖ్ సంస్థ వాళ్ళు చేసిన పని. ల్యూబెక్‌లో ఒక రెస్టారెంట్‌కి వచ్చిన పది బృందాల్ని, మొత్తం 152 మందిని పట్టుకున్నారు. ఎవరేం ఆర్డరిచ్చారో బిల్లుల్లో చూశారు. ఏ వంటకంలో ఏమేం వేశావని వంటవాణ్ణి కూర్చోబెట్టి అడిగారు. జబ్బుపడ్డ 31 మందికీ మొలకలు పడ్డ ప్లేటే వచ్చింది, ఒక్కరూ తప్పిపోలేదు. తిన్నవాళ్ళు మర్చిపోయినా వండినవాడు మర్చిపోడు కదా!

జూన్ 10న కీరాలకి విముక్తి, పచ్చి మొలకలు తినొద్దని హెచ్చరిక. బీనెన్‌బ్యుటెల్ అనే పల్లెలో మొలకలు పెంచే తోట దాకా వెళ్ళింది ఆరా. ఆ నెలాఖరులో టీవీలో ‘బోక్స్‌హోర్న్‌క్లే’ గింజల మీద అనుమానం అన్నారు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు. విడదీసి చూస్తే మేకపోతు కొమ్ము గడ్డి అని వచ్చింది. డిక్షనరీలో బొమ్మ చూశాక కిటికీ గట్టు వైపు తిరిగాను.

“అమ్మా, మెంతులట.”

“మన మెంతులా?” అంది, ఎవరో మేనమామని పోలీసులు పట్టుకెళ్ళారన్నట్టు.

ఆ గింజలు ఈజిప్టు నుంచి వచ్చాయని, ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర జబ్బుపడ్డవాళ్ళకీ అవే మూలమని జూలై 5న యూరప్ ఆహార భద్రతా సంస్థ నివేదిక చెప్పింది. గింజల్లో మాత్రం ఆ క్రిమి ఎక్కడా దొరకలేదు, దస్తావేజుల దారి పట్టుకునే అంతదాకా వెళ్ళారు. జర్మనీలో 855 మందికి హెచ్‌యూఎస్, 2,987 మందికి విరేచనాలు, 53 మంది చనిపోయారు.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. ఇలాంటి జబ్బు కనబడితే డాక్టరు 24 గంటల్లో స్థానిక ఆరోగ్య కార్యాలయానికి చెప్పాలి, బాగానే ఉంది. అక్కణ్ణించి రాష్ట్రానికి మరుసటి వారం, బెర్లిన్‌కి ఇంకో వారం దాకా పట్టినా అప్పట్లో చట్టం ఒప్పుకునేది. ఇంత యంత్రాంగం ఉన్న దేశంలో! 2013లో సవరించి, ఒక్కో మెట్టుకీ మరుసటి పనిదినం అని పెట్టారు.

మొలకకి కావాల్సింది తడి, వెచ్చదనం, రెండు మూడు రోజులు. క్రిమికీ అవే కావాలి. అమ్మకి అదే చెప్పాను. ఒప్పుకున్నట్టు కనిపించలేదు గానీ, ఆ సాయంత్రం మూట విప్పి మొలకలన్నీ బాణట్లో వేసింది. ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి. ఇల్లంతా చేదు కమ్మటి వాసన. తిన్నాక, “ఇలా కూడా బాగానే ఉన్నాయే,” అంది.