మా అమ్మాయి లోకలా, నాన్‌లోకలా?

మాది గుంటూరు. మావారి ఉద్యోగం వల్ల అమ్మాయి ఎనిమిదో తరగతి దాకా హైదరాబాద్‌లో చదివింది. తొమ్మిదికి ఇక్కడికి వచ్చేశాం. బైపీసీ విజయవాడలో చేసింది. నీట్ ర్యాంకు వచ్చాక ఇంట్లో ఒకటే టెన్షన్: మెడికల్ సీటుకు పాప ఆంధ్రాలో లోకల్ అవుతుందా, కాదా?

"తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం, మనం కాకపోతే ఇంకెవరమ్మా లోకల్?" అంటూ మామయ్యగారు ఆధార్, రేషన్ కార్డు తీసి ముందు పెట్టారు. కానీ 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ముందు చూసేది సొంతూరు కాదు, చదువు. ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. లాంగ్‌టర్మ్ కోచింగ్ ఏడాది లెక్కలోకి రాదు. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు: సరిగ్గా నాలుగు! అడ్మిషన్లకు రాష్ట్రాన్ని ఆంధ్రా యూనివర్సిటీ, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతాలుగా చూస్తారు; గుంటూరు, విజయవాడ రెండూ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతమే కాబట్టి ఆ చిక్కు కూడా లేదు.

ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా కోటాకు పోగా, మిగిలిన సీట్లలో 85 శాతం లోకల్ పిల్లలవే. మరి గుండె దడ రాదా?

అసలు కష్టం స్టడీ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. స్కూలు వాళ్లు తొమ్మిదో తరగతి విద్యా సంవత్సరాన్ని ఒక ఏడాది వెనక్కి జరిపి రాశారు. దానికీ పదికీ మధ్య ఏడాది ఖాళీ. అంటే వరుస తెగిపోయినట్టే. క్లర్కు పెన్నుతో దిద్ది ఇస్తానన్నాడు. "కొట్టివేతలు వద్దు బాబూ, కొత్తది రాసివ్వండి" అని అక్కడే కూర్చున్నా. అడ్మిషన్ రిజిస్టర్ తెప్పించి, పాప పేరున్న గడి మీద వేలు పెట్టి చూపించాక హెడ్‌మాస్టర్ గారు కొత్త కాగితం మీద సంతకం పెట్టి సీలు వేశారు. ఆరు నుంచి ఇంటర్ దాకా అన్నీ అప్‌లోడ్ చేశాం. మెడికల్ అడ్మిషన్లు చూసే హెల్త్ యూనివర్సిటీ మెరిట్ లిస్టులో తన పేరు ఎదురుగా 'ఏయూ', అంటే ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ అని చూసేదాకా నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు మా ఆడపడుచు కొడుకు గురించే దిగులు. పది దాకా గుంటూరు, ఇంటర్ హైదరాబాద్. తెలంగాణలోనూ నాలుగేళ్ల నిబంధనే కాబట్టి వాడు ఇక్కడా లోకల్ కాదు, అక్కడా కాదు. అయితే తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు రాష్ట్రంలో ఉన్నట్టు చూపిస్తే ఇక్కడ లోకల్ వాటా పోగా మిగిలే 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ సీట్లకు పోటీపడొచ్చు. ర్యాంకు దాకా ఆగొద్దని చెప్పి, వదినని నివాస ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసుకు పంపించాను.