సర్వదర్శనం లైనులో ఒక సినిమా వారం

డిసెంబరు రెండో వారంలో మాల వేసుకోకుండా శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బోగీలో మనమే వింత. సికింద్రాబాద్ నుంచి తిరువనంతపురానికి 2024లో దాదాపు 30 గంటలు. పై బెర్తుల మీద ఇరుముళ్లు, గుంటూరు దాటాక శరణుఘోష, టీ అమ్మేవాడితో సహా అందరూ అందరికీ స్వామే. శబరిమలకు దిగే స్టేషను చెంగన్నూరులో నల్లబట్టలన్నీ ఒక్కసారిగా దిగిపోతాయి. ఆ తర్వాత బోగీలో పది మంది ఉంటే ఎక్కువ. నిద్రపోవాలనుకుంటే అప్పుడే పోవాలి.

తిరువనంతపురంలో జరిగే కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం (అందరూ ఐఎఫ్ఎఫ్‌కే అనే అంటారు) దాదాపు ఏటా మండల దీక్షల రోజుల్లోనే పడుతుంది. 2024లో డిసెంబరు 13 నుంచి 20 దాకా. అందుకని తెలుగువాళ్లకు మొదటి చిక్కు సినిమాలతో కాదు, రైలుతో. ముందస్తు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజులకే తెరుస్తున్నారు. సినిమాల జాబితా వచ్చాక చూద్దాంలే అనుకుంటే వెయిటింగ్ లిస్టు చాంతాడంత అవుతుంది. తేదీలు తెలియగానే టికెట్ తీసేయాలి, జాబితా సంగతి తర్వాత.

2024లో డెలిగేట్ పాస్ జీఎస్టీతో కలిపి 1,180 రూపాయలు. హైదరాబాద్ మల్టీప్లెక్సులో 295 రూపాయల టికెట్లు సరిగ్గా నాలుగు. ఇక్కడ ఆ ఏడు ఆ డబ్బుకి వారం రోజులు, 15 తెరలు, 170కి పైగా సినిమాలు. ధర మీద సణుగుడంతా లాడ్జీల దగ్గరే. తంపానూరు చుట్టుపక్కల ఆ వారం గది అద్దె ఒక్కసారిగా లేస్తుంది. అయినా అక్కడే దిగడం మేలు. రైల్వే స్టేషను, బస్టాండు పక్కనే కైరళి, శ్రీ, నిళ అనే మూడు తెరలున్న సముదాయం ఉంది. న్యూ థియేటర్, ఏరీస్‌ప్లెక్స్ కూడా నడిచే దూరమే. చవగ్గా దొరికిందని ఊరి చివర గది తీసుకుంటే ఆఖరి ఆట వదిలేసరికి పది దాటుతుంది. రాత్రి పది తర్వాత ఆటోకి సగం అదనం.

ఆటో సంగతి చెప్పాలి. మొదటి ఒకటిన్నర కిలోమీటరుకు 30 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 15. తంపానూరు నుంచి ఉత్సవానికి ముఖ్య కేంద్రమైన టాగోర్ థియేటర్ దాకా 50 రూపాయల లోపే. అదీ మీటరు మీద! మీటరు తిరుగుతున్న ఆటోలో కూర్చోవడం హైదరాబాద్ వాళ్లకు సగం ఉత్సవం.

అసలు విషయం క్యూ. మిగతాదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

తెలుగువాళ్లకు తిరుమల లెక్కలో చెబితే వెంటనే అర్థమవుతుంది. ముందురోజు ఉదయం 8 గంటలకు రేపటి ఆటలకు సీట్ల బుకింగ్ తెరుస్తారు. అది 300 రూపాయల టికెట్ లాంటిది. అది దొరకనివాళ్లకు వేరే వరస, అదే సర్వదర్శనం. సీటున్నవాళ్లు లోపలికి వెళ్లాక మిగిలిన కుర్చీల్లోకి వరస ప్రకారం వదులుతారు.

ఎనిమిదింటికి ఫోన్ తెరిచి అప్పుడు ఆలోచించడం మొదలుపెడితే పని అయిపోయినట్టే. ముందురోజు రాత్రే ఒక్కో ఆటకు రెండేసి పేర్లు కాగితం మీద రాసుకోవాలి. 7:50కే లాగిన్ అయి ఉండాలి. రేపటి మొదటి ఆటతో మొదలుపెట్టి వరసగా బుక్ చేసుకుంటూ పోవడం అందరూ చేసే పొరపాటు. పొద్దున తొమ్మిదింటి ఆటకు ఎలాగూ చోటుంటుంది, జనం ఇంకా పుట్టు (కేరళ టిఫిన్) తింటూ ఉంటారు. ముందు పట్టాల్సింది సాయంత్రం ఆరింటి ఆట, అందులోనూ కాన్ ఫెస్టివల్లోనో వెనిస్ ఫెస్టివల్లోనో బహుమతి వచ్చిన సినిమా. అది దొరికాక మధ్యాహ్నం, చివరికి ఉదయం. ఒక్కో సినిమా వారంలో రెండు మూడు సార్లు పడుతుంది కాబట్టి, చిన్న హాల్లో పోటీ పడి ఓడేకంటే పెద్ద హాల్లో వేసే రోజు కోసం ఆగడం తెలివి.

సర్వదర్శనం వైపు నిలబడితే మామూలు సినిమాకి ముప్పావుగంట, పేరున్నదానికి గంటన్నర. గొడుగు తప్పనిసరి. డిసెంబరని చలి ఊహించుకోకండి, పదకొండింటికే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. హాళ్లలో మాత్రం ఏసీ గట్టిగా ఉంటుంది, మధ్య వరసల్లో మరీను. పల్చటి శాలువా సంచిలో పడేసుకోవాలి. నీళ్ల సీసా మరిచినా ఫరవాలేదు, ఏ హోటల్‌కి వెళ్లినా గులాబీ రంగు గోరువెచ్చటి నీళ్లు పోస్తారు. పతిముఖం చెక్క వేసి కాచినవి. మొదటి రోజు మందులా అనిపిస్తాయి, మూడో రోజుకి అవే కావాలనిపిస్తాయి.

ఆ వరసలో నా ముందు ఒక పెద్దాయన. పంచె, భుజాన గుడ్డ సంచి, చేతిలో షెడ్యూలు పుస్తకం. అందులో ప్రతి సినిమా పక్కనా పెన్సిల్ గుర్తులు. టిక్కు పెడితే చూడాలి, సున్నా చుడితే సందేహం, అడ్డగీత కొడితే వద్దు. 1996లో ఉత్సవం మొదలైన దగ్గర్నుంచీ దాదాపు ఏటా వస్తున్నారట. అంతకుముందు ఫిల్మ్ సొసైటీల్లో చూసేవారట. ఈ ఊళ్లో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీని దర్శకుడు అదూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు 1965లోనే పెట్టారు. అంటే క్యూలో నిలబడటం వీళ్లకు రెండు మూడు తరాల అలవాటు. హైదరాబాద్ అనగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏ హీరో గురించీ కాదు. బి. నర్సింగరావు 'దాసి' మంచి ప్రింటు ఎక్కడైనా చూడొచ్చా అని. బెనిఫిట్ షోకి తెల్లవారుజామున నాలుగింటికి లేచే జాతి మనది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

పెద్దాయన నేర్పిన కిటుకు ఒకటి. పాత హాళ్లలో నేల వాలు తక్కువ. సబ్‌టైటిల్ తెర అడుగున వస్తుంది, ముందువాడి తల సరిగ్గా అక్కడే ఉంటుంది. హాలును మూడు భాగాలు చేసి వెనక భాగం మొదట్లో, నడవా పక్క కుర్చీ పట్టుకుంటే తల కాస్త పక్కకు వంచి చదువుకోవచ్చు. పోర్చుగీసు, ఫార్సీ, స్పానిష్ ఏదైనా ఇంగ్లీషు అక్షరాలే దిక్కు. రెండో రోజుకే కళ్లు లాగుతాయి. రోజుకి ఐదు ఆటలు పడతాయని ఐదూ చూడబోతే నాలుగోది నిద్రలో పోతుంది. మూడు చూసి, మధ్యలో ఒకటి వదిలి అన్నం తినడం మంచిది.

ఆ వదిలిన ఆటలో వెళ్లాల్సిన చోటు తంపానూరు ఇండియన్ కాఫీ హౌస్. లారీ బేకర్ కట్టిన ఎర్ర ఇటుకల గుండ్రటి గోపురం. లోపల మెట్లుండవు, మెలికలు తిరుగుతూ పైకెక్కే వాలుదారి, దాని వెంట బల్లలు. తలపాగా పెట్టుకున్న సర్వరు ఆ ఏటవాలులో రెండు చేతులా కాఫీలు పట్టుకుని ఎక్కుతుంటే తొణకదు. బీట్‌రూట్ వేసిన కట్లెట్ ఎర్రగా ఉంటుంది, కారం ఉండదు. కారం లేదని కాసేపు విసుక్కుని మళ్లీ ఇంకొకటి తెప్పించుకున్నాను.

ఇక సినిమాలు. ప్రారంభ చిత్రం వాల్టర్ సాలెస్ తీసిన 'అయామ్ స్టిల్ హియర్'. 1971 బ్రెజిల్, సైనిక పాలన. రూబెన్స్ పైవా అనే మాజీ ఎంపీని ఇంట్లోంచి తీసుకెళ్తారు, ఆయన తిరిగి రాడు. భార్య యూనిస్ ఐదుగురు పిల్లల్ని పెట్టుకుని నిలబడుతుంది. మొదట్లో ఆ ఇంటి తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి, సముద్రపు ఇసుక కాళ్లతోనే పిల్లలు లోపలికొస్తారు. మఫ్టీ మనుషులు వచ్చి ముందు చేసే పని కిటికీల పరదాలు మూయడం. ఆ తర్వాత సినిమాలో వెలుతురే మారిపోతుంది. పత్రిక ఫోటోగ్రాఫరు కాస్త దిగులుగా ముఖం పెట్టమంటే ఆమె పిల్లలతో నవ్వండి అంటుంది. ఫెర్నాండా టోరెస్ ఆ ఒక్క మాటలో చేసిన పని మన దగ్గర పది నిమిషాల ఏడుపు సీనులో కూడా రాదు. ఆఖర్లో కాలం రెండుసార్లు దూకుతుంది. రెండో దూకుడు అక్కర్లేదనిపించింది. భర్త మరణ ధ్రువపత్రం చేతికొచ్చిన 1996 దగ్గరే కథ నిండింది.

దీన్ని నిశాగంధి అనే ఆరుబయటి వేదికలో చూడటం పొరపాటు. అక్కడ సందడి బాగుంటుంది గానీ చుట్టుపక్కల దీపాల వెలుగు తెర మీద పడి నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. యూనిస్‌ను బంధించిన గది దృశ్యాలన్నీ చీకట్లో తీసినవి, బయట అవి సగం పోతాయి. నిశాగంధిలో పగటి వెలుతురు, రంగులు ఉన్న సినిమాలు చూడాలి. దోమల మందు రాసుకుని మరీ.

పాయల్ కపాడియా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'కు క్యూ చూసే గుండె ఆగుతుంది. 2024 కాన్‌లో గ్రాండ్ ప్రి తెచ్చుకుంది. 1994లో షాజీ ఎన్. కరుణ్ 'స్వహం' తర్వాత 30 ఏళ్లకు కాన్ ప్రధాన పోటీలోకి వెళ్లిన భారతీయ సినిమా. ముంబైలో ఇద్దరు మలయాళీ నర్సులు, ఆసుపత్రిలో వంట చేసే పార్వతి అనే మరాఠీ ఆమె. నర్సుల్లో ఒకరైన ప్రభకు, జర్మనీలో ఉండి ఫోన్ కూడా చేయని మొగుడు పంపాడేమో అనిపించే ఎర్రటి రైస్ కుక్కర్ ఒకటి, పంపినవాళ్ల పేరులేకుండా ఇంటికొస్తుంది. ప్రభ రాత్రిపూట దాన్ని కావలించుకుని కూర్చునే దృశ్యంలో హాలంతా ఊపిరి బిగబట్టింది. మొదటి సగం వాన, నీలిరంగు, లోకల్ రైలు. రెండో సగం రత్నగిరి తీరం. అక్కడ కథ వాస్తవం వదిలి కొంచెం పైకి తేలుతుంది. పక్క కుర్చీ కుర్రాడికి అది నచ్చలేదు, నాకు నచ్చింది. పార్వతి కథ మాత్రం తొందరగా ముగించారు. మొగుడు పోయాక, తన దగ్గర కాగితాలు లేక, ఏళ్లుగా ఉన్న ఇల్లు వదలాల్సి వచ్చిన మనిషి ఆమె.

అందరూ కలిసి నవ్విన సినిమా ఫాసిల్ ముహమ్మద్ 'ఫెమినిచ్చి ఫాతిమా'. పొన్నానిలో మతబోధకుడైన భర్త, పిల్లలు, నడుం నొప్పి. పిల్లాడు తడిపిన పరుపు ఆరేస్తే కుక్క ఎక్కుతుంది, అది అపవిత్రమైపోయిందని భర్త వద్దంటాడు. ఇక సినిమా అంతా ఒక కొత్త పరుపు కోసం. ఉపన్యాసం ఒక్కటీ లేదు. ఫ్యాను స్విచ్ కూడా పెళ్లామే వేయాలని కూర్చునే మొగుడు తెర మీదికి వచ్చిన ప్రతిసారీ హాల్లో ఆడవాళ్ల కేకలే ముందు.

కేకల మాట వచ్చింది కాబట్టి: ప్రతి ఆటకు ముందు ఉత్సవం తాలూకు చిన్న చిత్రం వేస్తారు, దానికి జనం కూత పెడతారు. మొదటిసారి గొడవ అనుకుంటాం, తర్వాత మనమూ పెడతాం. ఉత్సవ చిహ్నం తోలుబొమ్మల్లోని లంకాలక్ష్మి, అంటే మన లంకిణే. ద్వారం దగ్గర ఆవిడ కాపలా ఉండటం ఈ క్యూలకు తగ్గట్టే ఉంది.

బొమ్మలంటే చిలీ నుంచి వచ్చిన 'ది హైపర్‌బోరియన్స్' గుర్తొస్తుంది. లియోన్, కోసీన్యా అనే ఇద్దరు దర్శకులు అట్టలు, బొమ్మలు, స్టాప్ మోషన్ కలిపి, పోయిన సినిమాను మళ్లీ తీస్తున్నట్టు నడిపారు. చేతిపని అద్భుతం. కానీ మిగెల్ సెరానో ఎవరో తెలియకపోతే ఏమీ ఎక్కదు. నాజీ భక్తుడు, రచయిత, 1950ల్లో మన దేశంలో చిలీ రాయబారి. అరగంటకే కొందరు లేచి వెళ్లారు. ఇలాంటివాటికి వెళ్లేముందు రెండు ముక్కలు చదువుకోవాలి.

ఒక్కోసారి ఆట ఆలస్యమవుతుంది, లేదా రద్దవుతుంది. జనం తిడతారు గానీ కారణం తరచుగా తాళంచెవి. సినిమా డీసీపీ అనే డిజిటల్ ఫైళ్ల కట్టగా వస్తుంది, దానికి గుప్తలిపి తాళం ఉంటుంది. కేడీఎం అనే చిన్న ఫైలు దాన్ని తెరుస్తుంది. ఆ ఫైలు ఫలానా హాల్లో సినిమా ఆడించే ఫలానా సర్వరు కంప్యూటరుకు, ఫలానా గంటల మధ్యే పనిచేస్తుంది. అందుకే ప్రొజెక్టరు మొరాయిస్తే సినిమాను అప్పటికప్పుడు పక్క హాలుకు మార్చలేరు. పది నిమిషాలు దాటి తెర నల్లగానే ఉంటే తిట్టుకుంటూ కూర్చోకుండా దగ్గరి హాలు క్యూలోకి పరిగెత్తడమే. నా కాగితం మీద రెండో పేరు పనికొచ్చింది అలాంటి వేళే.

అలా రెండో పేరుగా చూసిందే పెద్రో ఫ్రెయిరి 'మాలు'. క్యూ లేదు, సగం కుర్చీలు ఖాళీ. రియోలో శిథిలమవుతున్న ఇల్లు, పనిలేని నటి, ఆచారాల తల్లి, దూరమైన కూతురు. దర్శకుడు తన తల్లి జీవితం మీద తీసింది. అరుపులు ఎక్కువైనా, ముగ్గురిలో ఏ ఒక్కరి పక్షమూ వహించలేదు. ముగింపు రోజున ఉత్సవపు పెద్ద బహుమతి సువర్ణ చకోరం దానికే వచ్చింది. ప్రేక్షకుల ఓటు ఫాతిమాకు. పెద్దాయన పుస్తకంలో 'మాలు' పక్కన అడ్డగీత ఉండటం నేను చూశాను, ఆయనకు గుర్తు చేయలేదు.

తిరుగు రైలు ఉదయాన్నే. చెంగన్నూరులో మళ్లీ నల్లబట్టలు ఎక్కాయి, బోగీ నిండా అరవణ ప్రసాదం వాసన. ఎదురు సీటు స్వామి డబ్బా మూత తీసి చెంచాడు నా చేతిలో పెట్టి అడిగాడు.

"ఎన్ని గంటలు పట్టింది స్వామీ దర్శనానికి?"

"ఎనిమిది రోజుల్లో మొత్తం పదకొండు గంటల పైనే."

"అంతా? ఆన్‌లైన్‌లో తీసుకోలేదా స్వామీ?"