రిజిస్ట్రీ రీడర్, మూడో వారం: ఆ నాలుగు బైట్లు దొరికాయి

దొరికింది! పది రోజులుగా వేధిస్తున్న తప్పు నిన్న రాత్రి దొరికింది, వివరాలు మర్చిపోకముందే రాసి పెడుతున్నాను.

విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు రిజిస్ట్రీ. దాని హైవ్ ఫైళ్లను రెగ్‌ఎడిట్ (రిజిస్ట్రీని చూపించే విండోస్ ప్రోగ్రామ్) సాయం లేకుండా, నేరుగా బైట్లు చదివి నా పైథాన్ కోడుతోనే విప్పడం ఈ ప్రాజెక్టు. హెడర్ చెక్‌సమ్ సరిపోయింది, కీల (ఫోల్డర్ల లాంటివి) చెట్టు మొత్తం వస్తోంది, వాటిలోని చిన్న వాల్యూలూ (అసలు డేటా) వస్తున్నాయి. ఇబ్బందంతా పెద్ద వాల్యూలతోనే.

వర్చువల్ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్ హైవ్ కింద ఒక కీ చేసి 40,000 బైట్ల బైనరీ వాల్యూ పెట్టాను. లోపల 0 నుంచి 9999 దాకా వరస సంఖ్యలు, ఒక్కోటి 4 బైట్లు. మెషీన్ ఆపేసి ఫైల్ బయటకు తీసి చదివితే నా సంఖ్యలు లేవు. 64 62 03 00, ఆ పక్కన ఒక ఆఫ్‌సెట్ (ఫైల్‌లో ఒక చోటుని చూపే సంఖ్య), తర్వాత ఏ సంబంధమూ లేని వేరే కీల ముక్కలు. సెల్ (హైవ్‌లో డేటా పెట్టే గడి) సైజు చూస్తే 16 బైట్లే. 64 62 అంటే అక్షరాల్లో డీబీ, పెద్ద డేటాకి గుర్తు. వాల్యూ 16,344 బైట్లు దాటితే ఫైల్ వెర్షన్ 1.4 నుంచి ముక్కలు చేసి పెడతారు (1.3లో ఈ పద్ధతి లేదు), ఈ సెల్‌లో ఉండేది ముక్కలెన్ని, వాటి జాబితా ఎక్కడ అన్నదే.

సరే, జాబితా పట్టుకుని మూడు సెల్‌లూ తెచ్చి అతికించాను. మొత్తం 40,012 వచ్చింది. చివరి 12 ప్యాడింగ్ (ఖాళీ నింపే బైట్లు) అనుకుని కోసేశాను. పొడవు సరిపోయింది, మొదటి కొన్ని వందల సంఖ్యలు చూస్తే అవీ బాగున్నాయి, హాష్ (డేటాకి వేలిముద్ర లాంటి సంఖ్య) మాత్రం అసలు డేటాతో కలవదు. వారం అక్కడే పోయింది. హైవ్ డర్టీగా ఉందేమోనని (అంటే మార్పులు ఫైల్‌లోకి పూర్తిగా చేరలేదేమోనని) హెడర్‌లో రెండు సీక్వెన్స్ నంబర్లూ చూశాను, రెండూ ఒకటే, అంటే డర్టీ కాదు. ముక్కల వరస తప్పిందేమోనని ఆరు రకాలుగానూ మార్చి అతికించి చూశాను, ఒక్కటీ కలవలేదు. పైథాన్ స్లైసింగ్ మీద కూడా అనుమానం వచ్చింది, అంత టెన్షన్ పెట్టింది.

చివరికి సంఖ్యలన్నీ వరసగా ప్రింట్ చేశాను. 4085 దాకా సరిగ్గా ఉన్నాయి, ఆ తర్వాత 4086 రావాల్సిన చోట ఏదో చెత్త సంఖ్య, దాని వెనక 4086. మళ్లీ 8171 తర్వాత ఇంకో చెత్త. 4086 నాలుగులు ఎంతో లెక్క వేశాక అర్థమైంది: 16,344!

జరిగింది ఇదీ. ముక్క 16,344, దాని ముందు సెల్ సైజుకు 4, కలిపి 16,348. సెల్‌లు ఎప్పుడూ 8 గుణిజాల్లో ఉండాలి కాబట్టి అది 16,352 అవుతుంది. నేను సైజు తాలూకు 4 తీసేసి మిగతా 16,348నీ డేటాగా తీసుకుంటున్నాను. చివరి ముక్క 7,312, దాని సెల్ 7,320, అక్కడా 4 అదనం. మూడు నాలుగులు పన్నెండు. ఇంకోటి, 16,352కి హెచ్‌బిన్ (సెల్‌లు ఉండే బ్లాకు) హెడర్ 32 కలిపితే 16,384, అంటే సరిగ్గా నాలుగు 4,096 పేజీలు. ఆ 16,344 ఎక్కణ్ణుంచి వచ్చిందో దీంతో తేలిందని నా ఊహ.

ప్రతి ముక్కలో 16,344కి మించి తీసుకోకుండా ఒక్క లైను మార్చాను, హాష్ కలిసింది. సిస్టమ్ హైవ్‌లోని యాప్‌కాంపాట్‌క్యాష్ (ప్రోగ్రాముల వివరాలు ఉండే పెద్ద వాల్యూ) కూడా పూర్తిగా వచ్చింది.

టెస్టు డేటాకి సున్నాలూ, ర్యాండమ్ బైట్లూ వద్దు, వరస సంఖ్యలే పెట్టండి, డేటా ఎక్కడ పక్కకి జరిగిందో అవే చూపిస్తాయి. హెక్స్ ఎడిటర్‌గా హెచ్‌ఎక్స్‌డీని మించింది నాకు అక్కర్లేదు. హైవ్‌లు చదివే హైవెక్స్ లైబ్రరీ కోడు మాత్రం నాది పూర్తయ్యేదాకా తెరవను.

ఇక హైవ్ మార్పులు ముందుగా రాసి ఉంచే లాగ్1, లాగ్2 ఫైళ్లు. విండోస్ 8.1 నుంచి లాగ్ ఫార్మాట్ మారింది కాబట్టి కొత్తదానితోనే మొదలుపెడతాను. మెషీన్‌ని మధ్యలో పవర్ తీసేసి, నిజంగా డర్టీ అయిన హైవ్ ఒకటి సంపాదించాలి. అది అయ్యాక లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ తన సెట్టింగులకి వాడే డీకాన్ఫ్ మీద కన్నుంది. లైనక్స్‌లో సెట్టింగులంటే ఈటీసీ ఫోల్డర్‌లో టెక్స్ట్ ఫైళ్లే అనుకుంటాం గానీ అదీ బైనరీ డేటాబేసే.