అడగకముందే కాదనుకోవడం

ఎవరినైనా సాయం అడిగే ముందే, ఈ మనిషి చేస్తాడా చేయడా అన్న తీర్పు మన మనసులో సిద్ధమైపోతుంది. ఆ తీర్పు ఎదుటివారి నడవడిని చూసి ఇస్తున్నామనే నేను చాలాకాలం నమ్మాను.

కొన్నేళ్ల కిందట ఒక నివేదిక కోసం, మరో విభాగంలో పనిచేసే సహోద్యోగి దగ్గరున్న లెక్కలు నాకు అవసరమయ్యాయి. ఆయన ముభావి, పలకరిస్తే ఒక్క మాటతో తేల్చేస్తాడు. ఎలాగూ ఇవ్వడనుకుని, గడువునూ నిబంధననూ ఉటంకిస్తూ మెయిల్ రాసి, ఆయన పై అధికారికి కూడా ప్రతి పంపాను. ఆ నిబంధన ప్రకారమే తనకు ఇంకా మూడు రోజుల వ్యవధి ఉందని ఒకే వాక్యంలో జవాబు వచ్చింది. నా అంచనా నిజమైందనుకున్నాను. నెల తిరక్కముందే, మా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఆయన బల్ల దగ్గరకు వెళ్లి అవే లెక్కలు అర్థం కావడం లేదని చెప్పగా, ఆయన ఆమెకు కుర్చీ జరిపి, పెన్సిలుతో ఒక్కో వరుస కింద గీత గీస్తూ ముప్పావుగంట సేపు వివరించడం కళ్లారా చూశాను.

హెరాల్డ్ కెల్లీ, ఆంథొనీ స్టహెల్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లో ప్రచురించిన పరిశోధన చదివాక ఆ దృశ్యం నాకు పూర్తిగా అర్థమైంది. ఇద్దరూ సహకరిస్తే ఇద్దరికీ లాభం, ఒక్కరే సహకరిస్తే వారికే నష్టం అన్న అమరిక ఉన్న ‘ఖైదీల సందిగ్ధం’ ఆటను వారు పదేపదే ఆడించారు. సహకరించే స్వభావం గలవారు లోకంలో రెండు రకాల మనుషులూ ఉంటారని భావించగా, పోటీ స్వభావం గలవారు మాత్రం అందరూ తమలాంటివారేనని అనుకున్నారు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడటం వరకైతే మనకు తెలిసిన సంగతే. అంతకన్నా నన్ను కలవరపెట్టింది తరువాతి విషయం: పోటీ మనిషి ఎదురైతే సహకరించేవారు కూడా తమను కాపాడుకోవడానికి పోటీకే దిగుతారు, ఆ మార్పుకు కారణం తానేనని గ్రహించని మొదటి మనిషి తన అనుమానానికి మరో రుజువు దొరికిందనుకుంటాడు. నా మెయిల్ చేసిన పని సరిగ్గా ఇదే.

ముఖం చూసి చేసే అంచనా మాటకొస్తే, సెకనులో పదో వంతు చూసినా చాలు, ఒకరు నమ్మదగినవారో కాదో మనం తేల్చేసుకుంటామని విల్లిస్, టొడొరోవ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపారు. తేల్చుకోవడం వేరు, ఆ తేల్చుకున్నది నిజం కావడం వేరు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థికవేత్త రాబర్ట్ ఫ్రాంక్, ఆయన సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగంలో, అపరిచితులు అరగంట మాట్లాడుకున్నాక అదే ఆటను ఒక్కసారే ఆడారు. ఎవరు సహకరిస్తారన్న వారి ఊహలు గాలివాటు ఊహలకన్నా మెరుగ్గా ఉన్నాయి. నేను ఆ సహోద్యోగికి అరగంట కాదు, ఐదు నిమిషాలు కూడా ఇవ్వలేదు.

నమ్మి మోసపోతే ఆ తప్పు వెంటనే తెలుస్తుంది. నమ్మకుండా దూరంగా ఉండిపోతే, ఆ మనిషి ఏం చేసి ఉండేవాడో తెలిసే దారే ఉండదు. ఈ సహోద్యోగి విషయంలో నా తప్పు నాకు కనబడింది కూడా, ఆ అమ్మాయి నాకన్నా వేరుగా వెళ్లి అడిగినందువల్లనే. ఆయనలాగే నేను మనసులో కొట్టివేసిన మరికొందరి దగ్గరకు నా కళ్లముందు ఎవరూ వెళ్లలేదు.