అమ్మ రక్తం, అమ్మ బ్లాక్: రెండు జీన్ టెస్టులు

అమ్మ రొమ్ము క్యాన్సర్ కాలేయానికీ ఎముకలకూ పాకిందని తేలాక డాక్టరుగారు జీన్ టెస్టులు రాశారు. ఒకటి రక్తంలో, ఒకటి గడ్డ ముక్కలో. రక్తం చెప్పేది పుట్టుకతో వచ్చిన మార్పు. ముక్కలో అదీ ఉంటుంది, గడ్డలో తర్వాత పుట్టిన మార్పులూ ఉంటాయి. ఒకటి చేయించి రెండోది వదిలేస్తే సగమే తెలుస్తుంది.

రక్తం పని తేలిక. ఊదా మూత ట్యూబులో 3, 4 మిల్లీలీటర్లు, పరగడుపు అక్కర్లేదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పీఏఎల్‌బీ2, టీపీ53, పీటెన్ అనే జన్యువులున్న ప్యానెల్ (ఒకేసారి చాలా జన్యువులు చూసే పరీక్ష) చేయించాం. జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోతే మామూలు సీక్వెన్సింగ్‌కు (డీఎన్ఏ అక్షరాలు చదివే పద్ధతి) దొరక్కపోవచ్చు. అలాంటి పెద్ద లోటును పట్టే ఎంఎల్‌పీఏ లాంటి పరీక్ష కూడా చేస్తారా అని ముందే అడగండి.

దెబ్బ తగిలింది ముక్క దగ్గర. ఎముక నుంచి తీసిన బ్లాక్ (మైనంలో భద్రపరిచిన ముక్క) పంపితే, డీఎన్ఏ పాడైందని తిప్పి పంపారు. ఎముకను మెత్తబరచడానికి వాడే యాసిడ్ డీఎన్ఏను తినేస్తుంది. దాని బదులు ఈడీటీఏ అనే రసాయనం వాడితే డీఎన్ఏ నిలుస్తుంది, కాకపోతే రోజులు పడుతుంది. జీన్ టెస్టుకని బయాప్సీకి ముందే పాథాలజీ వాళ్లకు చెప్పాలి. మేం చెప్పలేదు, మూడు వారాలు పోయాయి. రెండోసారి కాలేయం నుంచి తీశారు. ముక్క పాడవకుండా ఉంచే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ ద్రవంలో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉండాలి. క్యాన్సర్ కణాలు ఎంత శాతమో కూడా రాయించుకున్నాం. మరీ తక్కువైతే మార్పు ఉన్నా కనపడదు.

రక్తంలో బీఆర్‌సీఏ2 మార్పు 'పాథోజెనిక్', అంటే జబ్బు తెచ్చేది అని వచ్చింది. గడ్డ హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేనిది) కాబట్టి, ఇలాంటి మార్పున్న క్యాన్సర్‌కు ఇచ్చే ఒలాపరిబ్ అనే మందు మొదలుపెట్టారు: 150 మిల్లీగ్రాముల మాత్రలు పొద్దున రెండు, రాత్రి రెండు, నమలకుండా. 2017లో వచ్చిన ఒలింపియాడ్ ట్రయల్‌లో ఈ మందుతో జబ్బు ముదరకుండా ఆగిన కాలం మీడియన్ (సగం మందికి ఇంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ) 7 నెలలు, కీమోతో 4.2 నెలలు. రక్తం తగ్గుతుంది, అందుకే నెలనెలా సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) తప్పనిసరి.

ముక్కలో టీపీ53 మార్పు కూడా కనపడింది. రక్తంలో లేదు కాబట్టి అది గడ్డలో పుట్టినదే, పిల్లలకు రాదు. 'వీయూఎస్' అని ఇంకో వరుస ఉంది. అంటే హాని చేస్తుందో లేదో ఇంకా తేలని మార్పు. దాన్ని చూసి మందు మార్చరు.

బీఆర్‌సీఏ2 మార్పు మాత్రం పిల్లల్లో ఒక్కొక్కరికి సగానికి సగం అవకాశంతో వస్తుంది, మగపిల్లలకూ. తమ్ముడికి ప్యానెలంతా అక్కర్లేదు. అమ్మ రిపోర్టులో 'సీ.'తో మొదలయ్యే ఆ మార్పు ఒక్కటే చూడమంటే చాలు, ఖర్చు తగ్గుతుంది. ఆ పేజీ జిరాక్స్ ఇచ్చి పంపాను.