రావత్తు ఖరీదు 799 రూపాయలు

‘ముద్రణ’ అని టైపు చేస్తే ‘ముద్‌రణ’ అని పడింది. నా వేలిదే తప్పనుకుని చెరిపి మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. ద మీద పొల్లు, దాని పక్కన నిక్షేపంగా నిలబడిన ర. ‘ప్రచురణ’, ‘వ్యాకరణం’ అన్నీ అదే వరస. ఇక రచయిత ఇంటిపేరు పక్కనున్న శాస్త్రిగారైతే ముక్కలు ముక్కలయ్యారు.

తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక విజయవాడలో ఇద్దరు ముగ్గురు ప్రచురణకర్తలకు ప్రూఫులు దిద్దుతున్నాను. కాగితం మీద ఎర్ర సిరాతో దిద్దడం నా అలవాటు. కానీ ఇప్పుడు ప్రూఫులన్నీ పీడీఎఫ్‌లుగా ఫోనుకే వస్తున్నాయి. వాటిని ప్రింటు తీయించుకుంటే నా సంపాదనలో పావు వంతు జిరాక్సు షాపుకే పోతుంది. అందుకని పది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్, దానికో పెన్ను కొన్నాను. పీడీఎఫ్ మీద గీతలు గీయవచ్చు, మార్జిన్‌లో వ్యాఖ్యలు టైపు చేయవచ్చు, ఏ మాటనైనా వెతకవచ్చు అని రాసి ఉన్న ఒక యాప్‌ను శనివారం రాత్రి భోజనమయ్యాక 799 రూపాయలకు కొన్నాను. వత్తులు రాని యాప్‌తో తెలుగు ప్రూఫు దిద్దడమంటే, చిల్లు గరిటెతో చారు వడ్డించడమే.

ఆదివారం పొద్దున తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు వచ్చి చూసి, “తాతయ్యా, డబ్బు వెనక్కి అడగండి. కానీ నలభై ఎనిమిది గంటల్లోపు అడగాలి” అంది. నిజమే. ప్లే స్టోర్‌లో కొన్న 48 గంటల లోపయితే గూగుల్‌నే నేరుగా అడగవచ్చు. అది దాటితే యాప్ తయారుచేసిన వాళ్లకు రాసుకోవాలి. ఒకప్పుడు, 2010 డిసెంబరులో, ఈ గడువును 24 గంటల నుంచి 15 నిమిషాలకు కుదించారు; తర్వాత మళ్లీ పెంచారు. పదిహేను నిమిషాల్లో నాకు కళ్లజోడు కూడా దొరకదు, యాప్ మంచిచెడ్డలు ఎక్కడ తేలతాయి?

ఫిర్యాదులో రెండు కారణాలు రాద్దామనుకున్నాను. ఒకటి వత్తులు. రెండోది వెతుకులాట: ‘కృష్ణ’ అని వెతికితే, పేజీకి నాలుగు చోట్ల కృష్ణుడున్న పుస్తకంలో ఒక్కటీ దొరకలేదు. ముందుగా కంప్యూటర్‌లో పుస్తకం పేజీలు కూర్చే మా డీటీపీ అబ్బాయికి ఫోను చేశాను. “మాస్టారూ, రెండోది యాప్ తప్పు కాదండి. మన పేజీలు యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ అంతటా ఒకటే సంకేతం ఉండే పద్ధతిలో, లేవు. ఒక వాక్యం కాపీ చేసి ఎక్కడైనా అతికించి చూడండి” అన్నాడు. అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, అరసున్నల్లాంటి వంకర గీతలు వచ్చాయి. అచ్చు పనిలో ఇప్పటికీ చాలాచోట్ల వాడే పాత ఫాంట్లలో తెలుగు కనిపిస్తుందే గానీ లోపల ఉండదు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి ఉంటాయి. అందులో ‘కృష్ణ’ను ఏ యాపూ పట్టుకోలేదు. ఆ ఆరోపణ కొట్టేశాను.

వత్తుల సంగతి వేరు. యూనికోడ్‌లో ‘ముద్రణ’ అంటే మ, కొమ్ము, ద, పొల్లు, ర, ణ అని వరసగా ఆరు సంకేతాలు. తెర మీద వాటిని కలిపి ర ను వత్తుగా మార్చి ద కింద చేర్చే పని సాఫ్ట్‌వేర్ చేయాలి. ఈ యాప్ వ్యాఖ్యల గడిలో ఆ పని చేయకుండా వచ్చినవి వచ్చినట్టు పేర్చేస్తోంది. తెలుగు యూనికోడ్‌లో చేరింది 1991లో. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇదేమిటని కోపం వచ్చింది.

బ్రౌజర్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపున్న మన బొమ్మ మీద నొక్కితే పేమెంట్లు, సబ్‌స్క్రిప్షన్‌ల విభాగం వస్తుంది. అందులో కొనుగోళ్ల చరిత్ర ఉంటుంది. ఆ యాప్ పక్కన సమస్యను రిపోర్ట్ చేసే లింకు ఉంది. కారణం ఎంచుకుని రెండు వాక్యాలు రాశాను: తెలుగు సంయుక్తాక్షరాలు విడిపోతున్నాయి, నేను కొన్న పనికి ఇది పనికిరాదు. జీవితమంతా వ్యాసాలు రాయించినవాడికి రెండు వాక్యాల్లో ఆగడం కష్టమే. నిర్ణయం మామూలుగా ఒక రోజులో వస్తుంది, ఒక్కోసారి నాలుగు రోజులు పట్టవచ్చు. నాకు సోమవారం ఉదయమే వచ్చింది, గురువారానికి డబ్బు యూపీఐ ఖాతాలో పడింది. డబ్బు వెనక్కి ఇస్తే యాప్ మన చేతిలోంచి పోతుంది. అందులో గీసుకున్న గుర్తులేమైనా ఉంటే ముందే బయటికి తీసి పెట్టుకోవాలి. అదే యాప్‌ను మళ్లీ కొంటే రెండోసారి డబ్బు వెనక్కి రాదని కూడా మనవరాలే చెప్పింది.

ఆ ఊపులో ఇంకో తప్పు చేశాను. స్కాన్ చేసిన పేజీలను అక్షరాలుగా మార్చే యాప్ ఒకటి, ఏడు రోజులు ఉచితం అంటే తీసుకున్నాను. తెలుగులో అది ‘ప’కు, ‘వ’కు తేడా తెలియకుండా చదివింది. రెండో రోజే తీసేశాను. ఎనిమిదో రోజున ఖాతాలోంచి ఏడాది చందా 1,499 రూపాయలు పోయింది. యాప్‌ను ట్యాబ్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా రద్దు కాదు. పేపరును అటక మీద పడేస్తే పేపరబ్బాయి బిల్లు ఆపుతాడా? డబ్బు తీసుకోవడానికి 24 గంటల ముందు మెసేజీ రావాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. నాకూ వచ్చింది. చీరల తగ్గింపు మెసేజీల మధ్య చదవకుండా పడి ఉంది.

నేను చూసుకునేసరికి మూడు రోజులైంది. ముందు ప్లే స్టోర్‌లో చందా రద్దు చేశాను. తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే, అంటే డబ్బు దానంతటదే పోయే చెల్లింపుల, జాబితా తెరిచి అక్కడి అనుమతి కూడా తీసేశాను. అప్పుడు యాప్ పేజీలో అడుగున ఉన్న తయారీదారుల ఈమెయిలుకు ఉత్తరం రాశాను. ‘జీపీఏ’తో మొదలయ్యే ఆర్డరు నంబరు, ఎప్పుడు వేసుకున్నాను, ఎప్పుడు తీసేశాను, ‘పాలు’ను ‘వాలు’గా చదివిన పేజీ బొమ్మ, అంతే. నిజానికి గట్టిగా అడిగే హక్కు నాకు లేదు, షరతు ముందే రాసి ఉంది. ఆరో రోజున జవాబు వచ్చింది, మొత్తం ఇచ్చేశారు. మర్యాదగల మనుషులు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వత్తులు చక్కగా చూపించే వేరే పీడీఎఫ్ యాప్ దొరికింది. కానీ నత్తనడక. పేజీ తిప్పి ఒకటి, రెండు అని లెక్కపెడితే తొమ్మిది దాకా తెల్లగా ఉండేది. పెన్నుతో గీత గీస్తే, నేను తర్వాతి పంక్తికి వెళ్లాక ఆ గీత వచ్చేది. దీనికీ డబ్బు వెనక్కి అడుగుదామనే అనుకున్నాను.

డీటీపీ అబ్బాయి ఇంటికి వచ్చి ట్యాబ్ చేతిలోకి తీసుకుని, “దీన్ని ఎప్పుడైనా ఆపి మళ్లీ వేశారా అండీ?” అన్నాడు. రెండు నెలలుగా లేదు. అది చేస్తే కొంచెం కదిలింది. తర్వాత స్టోరేజీ చూశాడు. 32 జీబీలో మిగిలింది ఒక్క జీబీ కూడా లేదు. ట్యాబ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీలో పాతదాని మీదే కొత్తది రాయడం కుదరదు, ముందు ఆ చోటు చెరిపి ఖాళీ చేయాలి. నిండిపోతే ప్రతి చిన్న పనికీ సర్దుబాటే. పలక మొత్తం నిండాక ఒక మూల ఉమ్మి తుడిచి మళ్లీ రాసినట్టన్నమాట. ఒకే ప్రూఫు ‘ఫైనల్’, ‘ఫైనల్ రెండు’, ‘ఇదే ఫైనల్’ అనే పేర్లతో ఏడు కాపీలుంది. తీసేస్తే తొమ్మిది జీబీలు తేలింది.

అతను వెళ్లాక ఇంకా వేగం పెంచుదామని యాప్ సెట్టింగులలోకి నేనే వెళ్లాను. అక్కడ రెండు బొత్తాలున్నాయి. క్యాష్ తుడిచేది ఒకటి, స్టోరేజీ తుడిచేది ఒకటి. మొదటిది నొక్కితే యాప్ తాత్కాలికంగా దాచుకున్న చెత్త పోతుంది, నష్టం లేదు. రెండోది యాప్ పుట్టినప్పటి స్థితికి తీసుకెళుతుంది. నేను రెండోది నొక్కాను. బయటికి పంపకుండా ఆ యాప్‌లోనే ఉంచిన మూడు ఫారాలు, అంటే 48 పేజీల దిద్దుబాట్లు, కన్ను మూసి తెరిచేలోగా పోయాయి. ఐప్యాడ్ వాడే మా మేనల్లుడు అందులో యాప్‌ను ఆఫ్‌లోడ్ చేస్తే యాప్ పోయినా కాగితాలు మిగులుతాయని ఫోనులో ఓదార్చాడు. ఆ ఓదార్పు నాకేం పనికొస్తుంది?

ఇంత చేసినా ఒక పుస్తకం మాత్రం మొండికేసింది. అది పాత ప్రతిని స్కాన్ చేసి పంపిన ఫైలు, అంగుళానికి 600 చుక్కలు. 300కు తగ్గించి పంపమన్నాను. నిలువునా అడ్డంగా సగమైతే మొత్తం చుక్కలు నాలుగో వంతే. కంటికి తేడా తెలియలేదు, పేజీ మాత్రం ‘రెండు’ అనేలోపే వచ్చింది.

పోయిన మూడు ఫారాలూ మళ్లీ దిద్దాను. మొదటిసారి నా కళ్లబడని తప్పులు పదకొండు దొరికాయి. ఆ సంగతి ప్రచురణకర్తకు చెప్పలేదు.